ఒక్కపొద్దు నాటి బెల్లం నీళ్లు

నిజాం పాలన చివరి రోజుల్లో మా అమ్మకూ, మా పిల్లికీ ఒకటే రోగం, చక్కెర రోగం. పిల్లి మూత్రానికి చీమలు పడుతున్నాయని చెబితే, పశువుల డాక్టరు కూడా అమ్మ వాడే ఇన్సులిన్‌నే చుక్కంత వేయమన్నాడు. పొద్దున్నే ఇద్దరికీ సూది వేయడం నా పని. ఆ సూదిని రోజూ మరిగించలేక విసిగిపోయాను.

ఆ ఏకాదశికి అమ్మ ఏమీ ముట్టకుండా ఒక్కపొద్దు ఉంది. సూది మరిగించడానికి తప్ప పొయ్యి వెలగలేదు. అలవాటు కొద్దీ ఇద్దరికీ సూది వేసేశాను. సూది పడ్డాక తిండి పడకపోతే ప్రాణం మీదికొస్తుందని తెలిసీ, పిల్లికి బువ్వ పెట్టాలని కూడా తోచలేదు.

కాసేపటికి పిల్లి తూలుతూ వెళ్లి ఇంట్లో మా నేత మగ్గం గుంతలో పడింది. అమ్మ బెల్లం నీళ్లు కలిపి దాని చిగుళ్లకు రాసింది. అది కళ్లు తెరిచేసరికి అమ్మ చేతులే వణుకుతున్నాయి, నుదుటి నిండా చెమట.

"అమ్మా, నువ్వు గూడ జర తాగు."

"ఒక్కపొద్దు నాకున్నది, దానికి లేదు. పో అవుతలికి!"

నాకు ఒళ్లు మండింది. అమ్మ దవడ పట్టుకుని, గిన్నెలో మిగిలిన నీళ్లు కొంచెం కొంచెంగా తాగించాను.

తేరుకోగానే, "నా ఒక్కపొద్దు చెడగొట్టినవ్" అన్నది. మూడు రోజులు నాతో పలకలేదు, పిల్లితోనే మాట్లాడింది. సూది వేళకు మాత్రం చెయ్యి చాచేది.