బల్ల దగ్గర ఆగిన స్వాగతం

కోడూరు రోడ్డులో మా స్కూటీ వెనక చక్రం పంచరైంది. ఆదివారం ఉదయం. నేనూ మా అత్తయ్యా బందరులో బయల్దేరి, పులిగడ్డ వారధి దాటి, ఆవిడ చెల్లెలి మనవడి బారసాలకు వెళ్తున్నాం. రెండువైపులా రొయ్యల చెరువులు, మాడు పగిలే ఎండ. బండి నడిపించుకుంటూ ఒక ఊళ్ళోకి వస్తే పంచరు షాపు మూసి ఉంది.

"ఆయన గుళ్ళో ఉన్నాడమ్మా, ఆరాధనయ్యాక వస్తాడు. మీరూ వెళ్ళి కూర్చోండి, ఫ్యాన్లున్నాయి" అంది పక్కింటామె, సున్నం వేసిన చర్చి వైపు చెయ్యి చూపిస్తూ.

నాకు కాళ్ళు రాలేదు. చర్చి నాకు కొత్త కాదు. గుడివాడలో ఒక చర్చి నీడలోనే పెరిగాను. మా నాన్న అక్కడ సంఘపెద్ద. ఆదివారం బడిలో పిల్లలకు పాటలు నేర్పింది నేనే. తర్వాత బందరు పక్కనే ఉన్న గిలకలదిండి హార్బరులో బోటు ఇంజన్లు బాగుచేసే హిందువుల అబ్బాయిని రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకున్నాను. నెల మొదటి ఆదివారం చర్చిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. దాన్ని మేం బల్ల అంటాం. పెళ్ళి తర్వాత వచ్చిన మొదటి బల్ల రోజున రొట్టె పళ్ళెం నన్ను దాటుకుని పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయింది. పళ్ళెం పట్టుకున్నది మా నాన్నే. నా మొహంలోకి కూడా చూడలేదు. నేను చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో దాచుకున్నాను.

క్షమాపణ చెప్పుకుంటే మళ్ళీ బల్లలో చెయ్యి వేయనిస్తామన్నారు. దేనికి క్షమాపణ? ఎవరి కొంప ముంచాను? చెప్పలేదు, చెప్పను. ఆ తర్వాత ఏ చర్చి గడపా తొక్కలేదు. దేవుడితో నాకేం తగువు లేదు. మా వంటింట్లో నేను ప్రార్థన చేసుకుంటుంటే పక్కనే అత్తయ్య గంగమ్మ పటానికి దీపం పెట్టుకుంటుంది. దీపం వల్ల నా ప్రార్థనా చెడలేదు, ప్రార్థన వల్ల ఆవిడ దీపమూ ఆరలేదు.

"పద, కాసేపు నీడపట్టున కూర్చుందాం. కొడతారా ఏంటి?" అని అత్తయ్య ముందు నడిచింది.

గుమ్మంలో తెల్లచీర కట్టుకున్న మామ్మగారు ఎదురొచ్చి, "వందనాలమ్మా, రండి రండి" అంటూ అత్తయ్య చెయ్యి పట్టుకుంది. రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టు చూసి కూడా ఆవిడ మొహం మారలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పగానే అత్తయ్యకు కుర్చీ వేయించి, ఆడవాళ్ళ వైపు చాప మీద నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. అందరూ నెత్తిన కొంగు కప్పుకోవడం చూసి అత్తయ్యా కప్పుకుంది. అప్పుడు చూశాను, ముందు బల్ల మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. మొదటి ఆదివారమని నాకు గుర్తే లేదు.

పాటలయ్యాక పాస్టరుగారు, "కొత్తగా వచ్చినవాళ్ళు లేచి, మీ ఊరు, మీ సంఘం చెప్పండమ్మా" అన్నారు. నేనింకా తడబడుతుండగానే అత్తయ్య లేచింది.

"నమస్కారమండీ. మాది గిలకలదిండి, చేపల వ్యాపారం. మేం గంగమ్మని కొలుచుకుంటాం. బండి పంచరైతే ఇటొచ్చాం." మగవాళ్ళ వైపు ఒకాయన తల గోక్కున్నాడు. పంచరు షాపు ఆయనే అయ్యుంటాడు. "ఇది నా కోడలు. మీ దేవుడి పిల్లే. మావాణ్ణి చేసుకుందని వాళ్ళ గుళ్ళో రొట్టె పెట్టడం మానేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా? మీరన్నా పెట్టండయ్యా."

సిగ్గుతో చచ్చిపోయాను. "అత్తయ్యా, కూర్చోండి" అని చీర పట్టుకు లాగాను.

"నువ్వూరుకో. బిడ్డకి తిండడగడానికి సిగ్గేంటి?"

పాస్టరుగారు కుర్రాడు, నెమ్మదస్తుడు. "మీరు రావడం మాకు చాలా సంతోషమమ్మా. బల్ల సంగతంటే, వాళ్ళ సంఘం పెద్దల్ని ఒక మాట అడగాలి. ముందు మనం స్వాగతం చెప్పుకుందాం" అన్నారు. అందరూ చప్పట్లు కొడుతూ స్వాగతం పాట పాడారు. మా చేతుల్లో చెరో గులాబీ పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పంక్తిలో కూర్చోబెట్టి, పన్నీరు చల్లి, విస్తరి మాత్రం వెయ్యరన్నమాట.

లేచాను. "అయ్యగారూ, మీరెవర్నీ అడగక్కర్లేదండీ. నేను పెళ్ళి చేసుకున్నాను, తప్పు చెయ్యలేదు. అక్కడా ఇదే చెప్పాను" అన్నాను.

రొట్టె పళ్ళెం మా వరసకు వచ్చింది. తెచ్చిన పెద్దాయన నా దగ్గర ఆగి, పాస్టరుగారి వైపు చూశాడు. ఆయన తల వంచుకున్నారు. పళ్ళెం నా చేతి మీదుగా మామ్మగారి దగ్గరికి వెళ్ళింది, అచ్చం గుడివాడలో వెళ్ళినట్టే. ఈసారి నేను చెయ్యి తియ్యలేదు. చూసేవాళ్ళు చూడనీ అని చాచిన చెయ్యి చాచినట్టే ఉంచాను.

మామ్మగారు గోరంత ముక్క తీసుకుని, దాన్ని గోళ్ళతో రెండు చేసి, ఒకటి నా అరచేతిలో పెట్టింది. "తినమ్మా" అంది, చాటుగా కాదు, అందరికీ వినపడేలా.

"పిన్నీ, ఏంటిది?" అన్నాడు పెద్దాయన.

"నా వాటాలో సగం ఇచ్చుకున్నాను. నీ పళ్ళెంలోది కాదుగా!"

తిన్నాను. నోట్లో పెట్టుకోగానే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆ తర్వాత ద్రాక్షరసం వచ్చింది, నన్ను దాటిపోయింది. పోనీ.

ఆరాధనయ్యాక పంచరాయన టీ కూడా తాగకుండా వచ్చి మా బండే ముందు చూశాడు. పాస్టరుగారు దగ్గరికొచ్చి ఏదో చెప్పబోయి, "జాగ్రత్తగా వెళ్ళిరండమ్మా" అని ఊరుకున్నారు. మామ్మగారు మాత్రం బండి కదిలేదాకా అత్తయ్య చెయ్యి వదల్లేదు.

కోడూరు దగ్గరపడుతుండగా వెనక నుంచి అత్తయ్య, "వచ్చే నెల మొదటి ఆదివారం నీకు డ్యూటీ ఉందా?" అంది.

"లేదు. ఎందుకు?"

"గుడివాడ వెళ్దాం. నేనూ వస్తా, నా బొట్టుతోటే."

వద్దనలేదు. వెళ్తాం. ముందు వరసలో కూర్చుంటాం. మా నాన్న పళ్ళెం పట్టుకుని వస్తాడు. నేను చెయ్యి చాస్తాను, దాచుకోను. దాటుకుపోవాలంటే ఈసారి ఆయన నా మొహంలోకి చూసి దాటుకుపోవాలి.