గుమ్మమా, పద!

ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్లకే అంతంతమాత్రంగా గుర్తు. వీధి మొత్తానికీ ఆవిడ బుడ్డోడత్త. చూడడానికి అరవై దాటిన మనిషి, నడుం మీద చెయ్యేసుకుని మెట్లెక్కే మనిషి. గొంతు విప్పితే మాత్రం నిక్కరేసుకున్న కుర్రాడే. కూరగాయల బండివాడు తలెత్తకుండా "ఒరేయ్ బాబూ, మీ అమ్మని పిలు" అన్నాడంటే ఆవిడతోనే అన్నాడన్నమాట. ఫోన్లో ఎవరైనా "ఇంట్లో పెద్దవాళ్లు లేరా నాన్నా?" అని అడిగితే, "ఉన్నారండీ, పడుకున్నారు" అని పెట్టేసేది. అప్పులిస్తాం, ఇన్సూరెన్సు చేస్తాం అని ప్రాణాలు తీసేవాళ్లెవరూ ఆ ఇంటి జోలికి రాకపోవడానికి అదే కారణం.

డబ్బింగ్ చెప్పడం ఆవిడ పని. వేరే భాషలో తీసిన బొమ్మలకి మన మాటలు అతికించడం. సినిమాలో ఏ పిల్లాడు ఏడ్చినా ఆ ఏడుపు ఆవిడదే. ఎన్ని చెప్పినా ఆవిడకి పేరు తెచ్చింది మాత్రం 'పొగమంచు కోట'. మొదట అది లావుపాటి పుస్తకాల వరస, పిల్లలు దుప్పట్లో దాక్కుని చదివినవి. తరవాత టీవీ సీరియల్ అయింది. కోటలో దీపాలు తుడిచే ఒక బుడ్డోడు, వాడి మాట తప్ప ఇంకెవరి మాటా వినని ఓ మొండి గుర్రం, జుట్టుతో వంతెనలల్లే మంత్రగత్తె. ఆదివారం పొద్దున అది వస్తుంటే వీధికుక్కలు కూడా మొరగడం మానేసి కిటికీల కింద కూచునేవని చెప్పుకుంటారు. కుక్కల్ని అడిగినవాళ్లు లేరు కాబట్టి నమ్మాల్సిందే.

ఆ సీరియల్లో ఒక తప్పు దొర్లింది. ఆ తప్పు ఆవిడదే.

అప్పట్లో ఆవిడా, మొగుడూ కాపురముండే అద్దెగది గుమ్మం పొట్టిది. రోజూ తల తగిలేది. ఆ పొద్దున మరీ గట్టిగా తగిలి నుదురు బొప్పి కట్టింది. దారిపొడుగునా ఆ గుమ్మాన్ని, దాన్ని కట్టిన మేస్త్రీని, ఆ మేస్త్రీని కన్నవాళ్లని తిట్టుకుంటూ స్టూడియోకి వెళ్లి మైకు ముందు నిలబడింది. తెర మీద బుడ్డోడు గుర్రమెక్కి చెయ్యెత్తాడు. కాయితం మీద "గుర్రమా, పద!" అనుంది. ఆవిడ నోట్లోంచి "గుమ్మమా, పద!" అని వచ్చింది.

రికార్డిస్టు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆపుకుని బొమ్మ వెనక్కి తిప్పి చూస్తే, విచిత్రంగా మాట అతికినట్టు కుదిరింది. తెర మీద పిల్లాడి పెదాలు మాట మధ్యలో గట్టిగా మూసుకుంటున్నాయి. 'గుర్రమా' అంటే అక్కడ మూసుకోవు, 'గుమ్మమా' అంటేనే మూసుకుంటాయి. "ఉంచెయ్. పిల్లలు పట్టించుకుంటారా ఏంటి?" అన్నాడు డైరెక్టరు, రైలు టైమవుతోందని.

పిల్లలు ఇంకేదీ పట్టించుకోలేదు. గుర్రం పేరే గుమ్మం అని తీర్మానించేశారు. ఇంటింటా పిల్లలు గడపకి చెరో పక్కా కాళ్లేసి కూచుని, చీపురు పుల్లలతో దాన్ని అదిలిస్తూ "గుమ్మమా, పద!" అని అరుపులు. అమ్మలు లోపలికి రాలేరు, నాన్నలు బయటికి పోలేరు. ఒకరింట్లో గుమ్మం జానెడు ముందుకి కదిలిందని కూడా వదంతి. కదల్లేదని ఈనాటికీ ఎవరూ రుజువు చెయ్యలేదు.

ఆ పిల్లలందరికీ ఇప్పుడు బట్టతలలు, మోకాళ్ల నొప్పులు. మా చిన్నప్పటి కోట మాకు మళ్లీ కావాలని కంపెనీని పట్టుకుని వేధించారు. కంపెనీ సరే అంది. పాత బొమ్మని కడిగి, రంగులు సరిచేసి మళ్లీ విడుదల చేస్తామంది. బుడ్డోడత్తకి ఫోనొచ్చింది. చిన్న ప్యాచ్ వర్కు ఉంది, ఒక్క డైలాగు చెప్పి వెళ్లండి మేడం అని. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది.

స్టూడియో మారిపోయింది గానీ రికార్డిస్టు వాడే, తల నెరిసినవాడు. "రా అమ్మాయ్" అన్నాడు గానీ ముఖం చూడలేదు. ఆవిడ హెడ్‌ఫోన్ పెట్టుకుని కాయితం చూసింది. "గుర్రమా, పద!"

"ఇదేంటి బాబూ?" అంది అద్దం అవతలున్న కంపెనీ మేనేజర్ని. కొడుకు వయసువాడు, మర్యాదస్తుడు.

"అప్పుడు తప్పు పడింది కదా మేడం. ఇప్పుడు సరిచేస్తున్నాం."

"పెదాలు కుదరవు."

"కంప్యూటర్లో పెదాలు కూడా సరిచేస్తాం మేడం."

"అంటే, వాడి పెదాలు కూడా తప్పేనా?"

మేనేజర్ నవ్వాడు. తరవాత నవ్వకుండా చెప్పాడు. పైవాళ్ల నిర్ణయమిది. ఈ ఒక్క మాట మారిస్తే మిగతా సీరియలంతా మీ గొంతే ఉంటుంది. మార్చనంటే మొత్తం తీసేసి కొత్త గొంతుతో మొదటి నుంచీ చెప్పిస్తారు. ఏడుపులూ, నవ్వులూ, దగ్గులూ, అన్నీ పోతాయి.

బుడ్డోడత్త మైకు వైపు చూసింది. ఆ గొంతు పోతే తన జీవితంలో మిగిలేది లిఫ్టుల్లో "తలుపులు మూసుకొనుచున్నవి" ఒక్కటే. అది అబద్ధం కాదు, ఆవిడే చెప్పింది ఆ లిఫ్టు మాట కూడా.

"ఒక్కసారి చెప్పేసెయ్ అమ్మాయ్" అన్నాడు రికార్డిస్టు, నేల చూస్తూ.

"అన్నయ్యా, ఆరోజు నేను తప్పు చదివాను. కాదన్నానా? ఏడిపించారు, పడ్డాను. కానీ ఆ తప్పుని పిల్లలు ఎత్తుకెళ్లి పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టినవాళ్లని అడక్కుండా పేరు మార్చడానికి నేనెవర్ని? ఈయనెవరు?"

"మేడం, అది గుర్రం. దాని పేరు గుమ్మం కాదు" అన్నాడు మేనేజర్.

"మీ ఇంట్లో కుక్కని ఏమని పిలుస్తారు బాబూ?"

"టైగర్."

"మరి పులా అది?" అని హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఇంట్లో మొగుడు పేపరు కిందికి దించాడు. "ఒక్క మాట. చెప్పేసి రావొచ్చుగా? ఇప్పుడు అన్ని మాటలూ పోయాయి."

"ఒక్క మాటే అయితే వాళ్లకెందుకంత పట్టుదల? వాళ్లే వదులుకోవచ్చుగా?"

"వాళ్లది కంపెనీ."

"నాది నోరు."

మాట బాగానే ఉంది గానీ ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. కొత్త గొంతుతో సీరియల్ వచ్చింది. నిజంగానే ఓ చిన్నపిల్లాడి చేత చెప్పించారు. ముత్యాల్లాంటి మాటలు, వంక పెట్టడానికి లేదు. వాడు చెయ్యెత్తి "గుర్రమా, పద!" అన్నాడు. తెర మీద గుర్రం కదిలింది. ఇంట్లో మాత్రం ఎవరూ కదల్లేదు. మొగుడు లేచి టీవీ కట్టేశాడు. ఆయన సాధారణంగా యాడ్స్ కూడా పూర్తిగా చూసే మనిషి.

రెండు ఆదివారాలు గడిచాక ఇద్దరు వచ్చారు. ఒకామె ఆసుపత్రిలో నర్సు, రెండో ఆయన లారీ డ్రైవరు, ఇంత మీసం.

"అత్తా, వాళ్లు మమ్మల్ని మోసం చేశారు" అంది నర్సు. "అడిగింది మేమే, మాకే గుమ్మం లేకుండా చేశారు. సౌండు తీసేసి చూశాం. బుడ్డోడు నోరాడిస్తుంటే గుండె తరుక్కుపోయింది. మీరొచ్చి చెప్పాలి."

"ఎక్కడికి?"

"డ్రాయింగ్ స్కూలు హాలు అడిగాం. బొమ్మ ఆడుతుంటే పక్కన నిలబడి మీరు చెప్పెయ్యండి" అన్నాడు డ్రైవరు.

"అన్ని గొంతులూనా?" అన్నాడు మొగుడు లోపల్నుంచి. "మంత్రగత్తెది కూడానా? అది నీకేం వచ్చు?"

"ఇన్నేళ్లు మీతో కాపురం చేశాక రాకుండా ఎలా ఉంటుంది?"

సంగతి పొక్కింది. మేనేజర్ ఫోన్ చేశాడు. "మేడం, అలా వెయ్యకూడదు. ఇబ్బందుల్లో పడతారు."

"బొమ్మ మీదే బాబూ, మీరమ్మిన డిస్కే వేస్తాం. గొంతు నాది. నా గొంతు మీద కేసు పెట్టేట్టయితే కాయితం పంపండి. అది కూడా బుడ్డోడి గొంతుతోనే చదివి వినిపిస్తా."

కాయితం ఇంకా రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం డ్రాయింగ్ స్కూలు హాల్లో బల్లలు గోడకి జరిపి, కిటికీలకి నల్లగుడ్డలు కట్టారు. నిలబడ్డానికి చోటు లేదు. రికార్డిస్టు తన సొంత మైకు సంచిలో వేసుకుని వచ్చాడు. ఎవరూ పిలవకపోయినా తీగలు తగిలించుకుంటూ కూచున్నాడు.

బుడ్డోడత్త చేతిలో కాయితం లేదు. తెర పక్కన నిలబడి బుడ్డోడై తుమ్మింది, వంటవాడై తిట్టింది, మంత్రగత్తె అయి పళ్లు కొరికింది. మరిచిపోయిన చోట హాలు అందించింది. ఒకచోట దగ్గు నిజంగానే వస్తే, ఇది కథలో లేదే అని వెనకవరస గొణిగింది. చివరికి బుడ్డోడు గుర్రమెక్కి చెయ్యెత్తాడు.

"గుమ్మమా, పద!"

హాలు ఊగిపోయింది. డ్రైవరు కర్చీఫు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ గోలలో ముందువరసలోంచి ఓ లెక్కల మేష్టారు లేచాడు, చేతిలో పుస్తకం. పుస్తకాలు చదివినవాళ్లకీ, టీవీ చూసినవాళ్లకీ మొదట్నుంచీ పడదు.

"క్షమించాలి. ఇందులో గుర్రమనే ఉంది. ఇష్టమున్నంత మాత్రాన తప్పు ఒప్పయిపోతుందా?"

"కూచోండి మేష్టారూ!" అని అరిచారు వెనక.

బుడ్డోడత్త బొమ్మ ఆపించింది. కళ్లజోడు పెట్టుకుని పేజీ చూసింది. "నిజమే, గుర్రమనే ఉంది."

"మరి?"

"మీరు పుస్తకంలోంచి పిలవండి. వస్తే ఎక్కి వెళ్లిపోండి, ఎవరూ ఆపరు."

హాలు పగలబడి నవ్వింది. మేష్టారు నవ్వలేదు, అలాగని వెళ్లిపోనూ లేదు. పేజీలో వేలు పెట్టుకుని కూచున్నాడు.

"ఆ వేలు తియ్యకండి" అంది బుడ్డోడత్త. "నా దగ్గర ఇంకా చాలా తప్పులున్నాయి." బొమ్మ నడపమని రికార్డిస్టుకి చెయ్యి ఊపింది.