మష్దీ వదులుకున్న గుమ్మం

తహ్మాస్ప్‌ను ఇరాన్‌లోని రష్త్ ఊరి బజారంతా ‘మష్దీ’ అని పిలిచేది. మష్హద్ యాత్ర చేసొచ్చినవాళ్లకు దక్కే పిలుపు అది. ముసలి తల్లిని గాడిద మీద కూర్చోబెట్టి, తాను పక్కన నడుస్తూ వెళ్లాడు. తిరుగుదారిలో ఆమెను ఖననం చేసి ఒంటరిగా వచ్చాడు.

మా గీలాన్ సీమలో విప్లవ రిపబ్లిక్ ఏర్పడ్డాక అధ్యక్షుడి కార్యాలయంలో అతడే బంట్రోతు. వార్తల కోసం రోజూ వెళ్లేవాణ్ణి. వానకు తడిసిన చెప్పులు బయట విప్పించి, “ఏం పత్రికాయనా, ఇవాళ ఏం అల్లుతావు?” అంటూ టీ ఇచ్చేవాడు.

ఒకరోజు కార్యదర్శి బెహ్రూజ్ ప్రకటించాడు. “ఇక ఖాన్‌లు లేరు, మీర్జాలు లేరు, మష్దీలు లేరు. అందరం రఫీక్‌లమే, నేస్తాలమే.”

“ఖాన్ అనేది తమకు పుట్టుకతో వచ్చింది, వదిలేసుకోవచ్చు. నాది కాళ్లరిగితే వచ్చింది, ఆఘా.”

“ఇంకా అయ్యా, ఆఘా ఏంటి? రఫీక్ అను!”

“అట్లాగే, రఫీక్ ఆఘా.”

వసారాలో అర్జీదారులు గొల్లున నవ్వారు. బెహ్రూజ్ మొహం ఎర్రబడింది. “వారం టైమిస్తున్నా. నువ్వు రఫీక్‌వైనా కావాలి, ఈ గుమ్మమైనా వదలాలి.”

ఆ వారంలోనే ఫూమన్ వైపు నుంచి ఒక రైతు స్త్రీ వచ్చింది. కుర్చీలో ఉన్న మష్దీయే అధికారి అనుకుని కాళ్ల మీద పడింది.

“అర్బాబ్, మా వడ్లన్నీ ఎత్తుకుపోయారు!”

మష్దీ నిప్పు తాకినట్టు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. “లే తల్లీ. దొరలెవరూ లేరిక్కడ.”

“మరి నిన్నేమనాలయ్యా?”

బెహ్రూజ్ తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. మష్దీ అతడి వైపు ఒకసారి చూశాడు.

“రఫీక్ అను.”

“అంటే?”

“అంటే నువ్వు లేచి మాట్లాడొచ్చని.”

ఆమె లేచి బురద కాళ్లతోనే తివాచీ మీదుగా లోపలికి నడిచింది. మష్దీ ఆపలేదు. బెహ్రూజ్ కూడా ఆ తర్వాత పిలుపుల ఊసెత్తలేదు.

మరుసటి ఏడు రిపబ్లిక్ కూలింది. కొత్త పాలకుడి గుమస్తా మష్దీని పిలిపించాడు.

“భయపడకు మష్దీ, నీ పనిలో నువ్వుండు. రైతుల్ని మాత్రం గడప బయటే వంగి నిలబడమను.”

“అది నా నోట రాదండీ.”

“పిలుపు తిరిగొచ్చిందిగా, ఇంకేం కావాలి నీకు?”

మష్దీ టోపీ సర్దుకుని మెట్లు దిగాడు. బజారులో ఉడికించిన చిక్కుడు గింజలమ్ముకుని బతికాడు. తర్వాత ఆ గుమ్మం దగ్గర చాలామంది బంట్రోతుల్ని చూశాను. ఒక్కరి పేరూ గుర్తులేదు.