చిన్నకోడూరు బాట మీద మధ్యాహ్నపు బండ్లు

సిద్దిపేట నుంచి చిన్నకోడూరు వెళ్లే బాట పక్కన బుచ్చవ్వ పదకొండేళ్లు రాళ్లు కొట్టింది. అంతకుముందు బాటపని ఆమె పెనిమిటి పోశయ్యది. కంకర పరిచి, దాని మీద ఇనుప రోలరును మనుషులే లాగే రోజులవి. ఒకనాడు దిగుడులో రోలరు జారి పోశయ్య కుడిపాదం మీదికి ఎక్కింది. ప్రాణం దక్కింది గాని కర్ర లేకుండా నడక లేదు. అతను ఇంటి దగ్గర తాళ్లు పేనుతూ కూర్చున్నాడు. ఆమె సుత్తె పట్టుకుని బాటకొచ్చింది.

రాళ్లు కొట్టేటప్పుడు చూపు పక్కకు పోతే వేలు చితుకుతుంది. అందుకని బుచ్చవ్వ తల ఎత్తేది కాదు. తాటాకు తడక నీడన కూర్చుని, వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని, పొద్దుగూకేదాకా కొట్టేది. అయినా బాట మీద ఎవరు పోతున్నారో ఆమెకు తెలిసేది. నిండు బండి ఇరుసు మూలుగుతుంది, ఖాళీ బండి గలగలమంటుంది. కుండల బండి వస్తే అసలు చప్పుడే ఉండదు. చంద్లాపూర్ కుమ్మరి మైసయ్య ఎద్దుల ముందు నడుస్తూ, ప్రతి గతుకు దగ్గరా వాటిని ఆపి నచ్చజెప్పి తెచ్చేవాడు. ఏటా ఎండలు ముదరగానే తడక పక్కన ఒక కొత్త కుండ పెట్టి వెళ్లిపోయేవాడు. ఆ కుండలో నీళ్లు బుచ్చవ్వ ఒక్కతే తాగేది కాదు, బాటన పోయే ఆడవాళ్లంతా తాగేవారు. తాగినంతసేపు తమ గోడు చెప్పుకునేవారు. అలా ఎవరు ఎప్పుడు ఎందుకు పోతున్నారో ఆమెకు అడగకుండానే తెలిసింది.

1949 వానాకాలంలో వాగు పొంగి, బండ్లు దాటే చిన్న రాతి వంతెన, మోరీ, సగం కొట్టుకుపోయింది. మిగిలిన సగం మీద ఒక్క బండి పట్టేంత జాగ ఉంది. పొద్దునా సాయంత్రమూ సిద్దిపేట బజారుకు పోయే బండ్లు, తిరిగి వచ్చే బండ్లు ఎదురెదురుగా నిలబడేవి. నువ్వు వెనక్కి పో అంటే నువ్వు పో అని తగువులు.

వానలు వెనకబట్టాక మోరీ పనికి కొత్త ఓవర్సీరు వచ్చాడు. పేరు లింగమూర్తి. హైదరాబాదులో చదివాడు. పాతికేళ్లు దాటి ఉంటాయి. సైకిలు మీద వచ్చేవాడు, చేతికి గడియారం, జేబులో చిన్న పుస్తకం. మనిషి గర్విష్ఠి కాదు. పని మొదలుపెట్టక ముందు బాట ఎప్పుడు ఖాళీగా ఉంటుందో చూడాలని మూడు పొద్దులు, మూడు సాయంత్రాలు మోరీ దగ్గర నిలబడ్డాడు. ఒక మధ్యాహ్నం కూడా నిలబడ్డాడు. పొద్దునా సాయంత్రమూ బండ్లు కిక్కిరిసి ఉన్నాయి. మధ్యాహ్నం ఒక గొర్రెల మంద తప్ప ఏమీ రాలేదు. దాంతో లెక్క తేలిపోయిందనుకున్నాడు. పది గంటల నుంచి నాలుగు దాకా బాట మూసి పని చేయడం, పొద్దునా సాయంత్రమూ తెరవడం.

అతను చూసిన మధ్యాహ్నం పీర్ల పండుగ నాటిది. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్లలో జనమంతా పీర్ల ముందు అలావు నిప్పుల గుండం చుట్టూ ఉన్నారు. ఎద్దులు కొట్టాల్లో ఉన్నాయి. ఆ సంగతి లింగమూర్తికి తట్టలేదు. బుచ్చవ్వకు తట్టింది. ఆమె పోయి కూలీల మేస్త్రీ ఎల్లన్నకు చెప్పింది.

"అన్నా, పగటిపూట బాట మూసుడు కుదరదే. సారు పండుగ నాడు చూసిండు. రోజు గట్ల ఉండదు."

ఎల్లన్న చెడ్డవాడు కాడు. పని ఆలస్యమైతే మాట పడేది తానే అని అతని భయం. "సారు పుస్తకంల రాసుకున్నడు. నువ్వేం జెప్తవ్, నేనేం జెప్త? పోయి రాళ్లు గొట్టు" అన్నాడు.

ఆమె పోయి రాళ్లు కొట్టింది.

బాట మూసిన మొదటి రోజే, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మోరీకి అటూ ఇటూ ముప్పై దాకా బండ్లు ఆగాయి. బండ్ల మధ్య నడిచే జనం, కావడి మోసేవాళ్లు, చంటిపిల్లల తల్లులు. అడ్డంగా పెట్టిన మొద్దుల దగ్గర ఎల్లన్న గొంతు పోయేలా అరుస్తున్నాడు. నాలుగు దాకా ఆగలేనివాళ్లు వాగులోకి దిగడం మొదలుపెట్టారు. నీళ్లు మోకాలి లోతే గాని అడుగున వదులు ఇసుక. రెండు ఖాళీ బండ్లు ఎలాగో దాటాయి. మూడోది మైసయ్య కుండల బండి.

ఎద్దులను పట్టుకుని అతను నెమ్మదిగానే దించాడు. వాగు నడుమ కుడి చక్రం ఇసుకలో కూరుకుపోయి బండి ఒరిగింది. ఆ చప్పుడుకు గట్టు మీద రాళ్లు కొడుతున్న బుచ్చవ్వ తల ఎత్తింది. రెండు వారాలు చేసి, ఆరబెట్టి, కాల్చిన కుండలు నీళ్లలో పెంకులయ్యాయి. మైసయ్య ఎద్దులను విప్పి గట్టుకు తోలి, నీళ్లలోకి వంగి పగలని వాటిని ఏరుతూ పోయాడు.

బుచ్చవ్వ సుత్తె కింద పెట్టి వాగులోకి దిగింది. ఇద్దరూ కలిసి ఏరారు. పదకొండు దొరికాయి.

"నాకు ఎరుకనే మైసన్నా" అంది ఆమె. "ఇట్లయితదని ఎరుకనే. ఒకపారి జెప్పి ఊకున్న."

"నువ్వేం జేస్తవక్కా" అన్నాడు మైసయ్య.

ఆ మాట ఆమెకు ఊరట కాలేదు, ఇంకా గుచ్చుకుంది. తడిసిన చీర కుచ్చిళ్లు పిండుకుని గట్టెక్కింది. ఎల్లన్న వద్దని చేయి అడ్డం పెడుతున్నా ఆగకుండా, మోరీ పునాది దగ్గర ఉన్న లింగమూర్తి ముందుకు పోయి నిలబడింది. పదకొండేళ్లలో ఏ ఓవర్సీరుతోనూ ఆమె ఎదురుపడి మాట్లాడలేదు.

"సారూ, నన్ను పనిల నుంచి తీసేసినా మంచిదే. ఒక్కమాట ఇనున్రి."

లింగమూర్తి వాగులో ఒరిగిన బండిని చూశాడు. అతని ముఖం అప్పటికే వాడిపోయి ఉంది. "చెప్పవ్వా. ఈ మిట్టమధ్యాహ్నం ఇంతమంది ఎందుకొస్తున్నరు? బజారు పొద్దున్నే అయిపోతది గద?"

"బజారు ఒక్కటేనా సారూ బతుకంటే?" అంది బుచ్చవ్వ. "దవాఖానల ఆడోళ్లను సూసేది పగటిపూటనే. వంట జేసి, ఇంట్ల పని దీర్చుకొని, పిల్లలను సంకనేసుకొని అప్పుడే ఎల్లుతరు. కచేరిల దావా పేషీ ఉన్నోళ్లు పిలుపు ఎప్పుడొస్తదో ఎరుకలేక ఎప్పుడంటే అప్పుడు పోతరు, వస్తరు. పొద్దుగాల వడ్లేసుకపోయిన బండి పొద్దుమీకిదాక బజార్లనే ఉండదు. పగటికి ఉత్తబండి దిరిగొచ్చి ఇంకో బస్తాలేసుకొని మల్ల పోతది. సాలెల్లు రాత్రీ పొద్దున నేసి, మగ్గం మీంచి కోసిన బట్ట పగటికి తీస్కపోతరు. ఇగ మైసన్న ఉన్నడు. పొద్దుగాల ఇరుకుల బండికి బండి తాకితే కుండలు పగుల్తయని కావాలనే పగటిపూట వస్తడు."

లింగమూర్తి వెంటనే మొద్దులు తీయించి, ఆ రోజుకు పని ఆపించాడు.

మర్నాడు పొద్దున అతను సైకిలు దిగి నేరుగా బుచ్చవ్వ తడక దగ్గరికి వచ్చాడు. రాళ్ల కుప్ప మీద తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు. ఆమె కొడుతూనే ఉంది, అతను చూస్తూనే ఉన్నాడు. కాసేపటికోసారి ఆమె, "ఇగ దవాఖాన ఆడోళ్లు వస్తరు సారూ" అనేది. కొంతసేపటికి నిజంగానే మలుపు దగ్గర నలుగురు ఆడవాళ్లు కనబడేవారు. మధ్యలో ఆమె కట్టుకొచ్చిన జొన్నరొట్టెలో సగం అతనికిచ్చింది. కాదనకుండా తిన్నాడు.

ఆ రోజు ఆమెకు తెలియని సంగతి ఒకటి లింగమూర్తి పట్టుకున్నాడు. మధ్యాహ్నం వచ్చిన బండివాళ్లను ఆపి, ఎందుకు ఈ వేళకు వస్తున్నారని అడుగుతూ పోయాడు. సగం మంది మైసయ్యలాంటి వాళ్లే. పొద్దున తోపులాట ఉంటుందని తెలిసి, ఆలస్యంగా బయల్దేరినవాళ్లు.

"చూసినవా బుచ్చవ్వా" అన్నాడు. "పొద్దున ఇరుకైనకొద్దీ పగలు నిండుతది. మనం పగలు మూస్తే వీళ్లంతా మల్ల పొద్దున మీదనే పడుతరు. అప్పుడు పొద్దున కూడ దాటలేరు. నేను ఖాళీ వేళ కోసం చూసిన. ఈ బాటకు అది లేనే లేదు."

"మరి మోరీ ఎట్ల గట్టుడు సారూ?"

"పక్కనుంచి బాట వేస్తే అయితది. వాగుల రాళ్లు పరిచి, మీద మొరం మన్ను పోస్తే బండ్లు దాటుతయి. కాని దానికి మంజూరు రావాలె. పైకి రాస్తే జవాబు వచ్చేసరికి ఎండాకాలం వస్తది."

బుచ్చవ్వ తన వెనక ఉన్న కుప్పలు చూపించింది. మోరీ అయ్యాక బాట మీద పరచడానికి ఆమె, ఇంకా ఇద్దరు ఆడవాళ్లు ఆ ఏడాదంతా కొట్టిన కంకర అది. "గిది ముందుగాల వాగులెయ్యున్రి. మోరీ అయినంక మల్ల తవ్వి బాట మీదికి ఎత్తుకుందం. మొరం సంగతి బండ్లోల్లను అడుగుత. ఎర్రమొరం దిబ్బ మీదికెళ్లే వస్తరు గద, తలా ఇన్ని తెస్తే సాలు."

ఎల్లన్న తల గోక్కున్నాడు. "ఏడాది కష్టం నీల్లల్ల ఏస్తవా అక్కా?"

"నీల్లేం తింటయా రాళ్లను?" అంది ఆమె.

బండ్లవాళ్లను ఒప్పించడం అనుకున్నంత తేలిక కాలేదు. మొదటి రోజు ఆరుగురు మొరం తెచ్చారు. ఇది సర్కారు పని, మేమెందుకు మోయాలని కొందరు అడిగారు. ఆ మాటా నిజమే. బుచ్చవ్వ వాదించలేదు. మైసయ్య మాత్రం తన ఖాళీ బండితో రోజూ మూడుసార్లు మొరం తోలాడు. కుండలు పోగొట్టుకున్న మనిషే తోలుతుంటే చూసి, మూడో రోజుకు ఇరవై బండ్లు వచ్చాయి. అయిదో రోజు పెద్ద రాళ్లు అడుగున, కంకర వాటి సందుల్లో, పైన ఎర్రమొరంతో పక్కబాట తయారైంది. మొదట మైసయ్య బండినే పంపమని లింగమూర్తి అన్నాడు. బండిలో ఆ రోజు కుండలు ఉన్నాయి. ఎద్దుల ముందు అతను నడుస్తుంటే గట్టు మీద వాళ్లంతా చక్రాల వైపే చూశారు. బండి కుదుపు లేకుండా అవతలి గట్టెక్కింది. మైసయ్య వెనక్కి తిరిగి బుచ్చవ్వ వైపు చూసి, తలపాగా సర్దుకుని, సిద్దిపేట దారి పట్టాడు.

పక్కబాట మీద కూడా ఒకసారికి ఒక్క బండే పట్టేది. ఎదురెదురు బండ్లను వంతులవారీగా పంపడానికి ఒక మనిషి కావాలి. లింగమూర్తి ఆ పని బుచ్చవ్వకు అప్పజెప్పాడు. ఆమె చేతిలో సుత్తెకు బదులు కర్రకు కట్టిన ఎర్రగుడ్డ వచ్చింది. అటువైపు ఎల్లన్న, ఇటువైపు ఆమె. గుడ్డ ఎత్తితే ఆగాలి, దించితే రావాలి. మొదట్లో పెద్ద భూస్వాముల గూడు కట్టిన కచ్చడం బండ్లు ఆమె గుడ్డను లెక్కచేయకుండా రాబోయేవి. ఒకాయన బండి దిగకుండానే, "ఎవలాపమన్నరు నిన్ను?" అని గద్దించాడు.

"ఓవర్సీరు సారు ఆపమన్నడు దొరా. గా ముంగట దవాఖానకు పోతున్న బిడ్డ తల్లి ఉన్నది. ఆమె దాటినంక తమరే" అంది బుచ్చవ్వ. గుడ్డ దించలేదు. ఆయన చిరాకుపడ్డాడు గాని ఆగాడు. ఆ సంగతి సాయంత్రానికల్లా చిన్నకోడూరు దాకా పాకింది. మర్నాటి నుంచి ఎవరూ ఆమెతో పేచీ పెట్టుకోలేదు.

పోశయ్యకు ఈ ముచ్చట్లన్నీ ఇంటి దగ్గరే తెలిసేవి. ఒకనాడు అతను కర్ర ఊతంతో మైలు దూరం నడిచి వచ్చి, కొత్తగా పేనిన తాడుతో ఆమె జెండా గుడ్డను కర్రకు గట్టిగా కట్టి, గట్టు మీద కూర్చుని బండ్లు పోతుంటే చూశాడు. రోలరు కింద పడ్డ తర్వాత అతను ఆ బాట మీదికి రావడం అదే మొదటిసారి. "మస్తు బండ్లే" అన్నాడు. చీకటి పడేదాకా ఇంటికి పోతానని లేవలేదు.

ఎండలు ముదిరాక మోరీ పూర్తయింది. ముందు మంజూరైన కొలతల ప్రకారం కట్టి ఉంటే ఒక బండికే సరిపోయేది. పొద్దున ఎన్ని, మధ్యాహ్నం ఎన్ని, సాయంత్రం ఎన్ని బండ్లు దాటాయో పక్కబాట మీద వారం రోజులు లెక్కపెట్టి, లింగమూర్తి పై అధికారులకు రాశాడు. వాళ్లు మొదట కుదరదన్నారు. అతను మళ్లీ రాశాడు. ఆఖరికి రెండు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పుకు ఒప్పుకున్నారు. వాగులోంచి తవ్వి తీసిన కంకరను కడిగి మోరీకి ఇరువైపులా పరిచారు. బుచ్చవ్వ తాను కొట్టిన రాళ్ల మీద తానే గంపతో మొరం చల్లింది.

ఆ తర్వాత తొగుట వైపు బాట మరమ్మతుకు వచ్చింది. లింగమూర్తి కూలీలందరికంటే ముందుగా బుచ్చవ్వను అక్కడికి రమ్మన్నాడు. పని ఏమిటని ఆమె అడిగింది.

"ఎనిమిది రోజులు బాట పక్కన కూసో" అన్నాడతను. "ఎవరెవరు పోతున్నరో, ఎందుకు పోతున్నరో నాకు చెప్పు. పండుగ రోజులు విడిచిపెట్టు."

ఆమె నవ్వి, ఆ ఊరి దారిలో నీడ ఉన్నచోటు చూసుకుని కూర్చుంది. మొదటి రోజు ఆమెకు అక్కడ ఎవరూ తెలియదు. మధ్యాహ్నానికి ఒక ముసలామె గంప దించి, తాగడానికి ఇన్ని నీళ్లున్నాయా బిడ్డా అని అడిగింది. బుచ్చవ్వ చెంబు అందించి, పక్కకు జరిగి ఆమెకు జాగ ఇచ్చింది.