కళ్ళజోడు మాత్రం మాస్టారిదే

ఈ ప్రయాణం గురించి రాయకుండా ఊరుకుంటే పరువు దక్కుతుందని అనుకున్నాను. కానీ మా వీరభద్రం మాస్టారి విగ్రహం చూడ్డానికి కొత్తపేట వెళ్ళేవాళ్ళు ఇకముందు కూడా ఉంటారు. దాన్ని చేసింది నేనే కాబట్టి వాళ్ళకి నిజం చెప్పక తప్పదు.

మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. సాయంత్రాలు ఇంటి ముందున్న పాకలో విగ్రహాలు చేస్తూ మాలాంటివాళ్ళకి పని నేర్పేవారు. పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన విగ్రహం ఆ పాక ముందే పెట్టాలని పాత విద్యార్థులంతా అనుకుని, విజయవాడలో విగ్రహాల షెడ్డు నడుపుతున్న నాకు ఆ పని అప్పగించారు. ఛాతీ వరకు ఫైబరుతో చేసి, లారీలో ముందే పంపించేశాను. ఆవిష్కరణకి నేను తెల్లవారుజామున బస్సెక్కాను.

తణుకు దాటేదాకా ఉపన్యాసం బట్టీ పట్టాను. సిద్ధాంతం వంతెన మీదికి రాగానే కాగితం మడిచి గోదావరిని చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదిన్నరకి రావులపాలెం. అరటి గెలల లారీలు అడ్డం ఉంటే బస్సు స్టాండులోకి చేరడానికి చాలాసేపు పట్టింది. అక్కడ పనసాకుల బుట్టల్లో ఉడికించిన ఇడ్లీ, అదే పొట్టిక్క, అల్లప్పచ్చడితో తిన్నాను. కొత్తపేట వెళ్ళేవాళ్ళు బస్సు కోసం చూడకుండా షేరాటో ఎక్కెయ్యడం మేలు.

ఆటోలో నా పక్కన ఒక అరటి వ్యాపారి కూర్చున్నాడు. మాటల్లో నేను వెళ్ళే పని చెప్పాను.

“విగ్రహం నేనే చేశానండి” అన్నాను, కాస్త గొప్పగానే.

“ఆయ్, చాలా సంతోషమండీ. మా నాన్నగారి బొమ్మ మాస్టారే చేసేరండి. మా అమ్మ పోలిక రాలేదని ఎన్నిసార్లు అందో! ఒక్కసారన్నా విసుక్కోలేదండి ఆయన. మరి దీన్ని సుభద్రమ్మగారికి చూపించేరాండీ?”

సుభద్రమ్మగారు మాస్టారి భార్య. “పెద్దావిడ కదా, ఇబ్బంది పెట్టడం ఎందుకని...” అంటూ నసిగాను.

“ఆయ్” అని, అతను రోడ్డుకేసి చూడడం మొదలుపెట్టాడు.

ఆ ఒక్క ఆయ్‌తో నా గొప్పంతా దిగిపోయింది. మాస్టారు ఎవరి విగ్రహం చేసినా, పోతపొయ్యకముందే ఆ ఇంటివాళ్ళని పిలిపించి పచ్చిమట్టి ముందు కూర్చోబెట్టేవారు. ముక్కు ఎలా ఉండేది, చెవులు ఎలా ఉండేవి అని అడిగేవారు కాదు. “అన్నం ఎలా తినేవారండీ? కోపం వస్తే ఎటు చూసేవారండీ?” అని అడిగేవారు. వాళ్ళు చెబుతుంటే ఆయన బొటనవేలు మట్టి మీద తిరుగుతుండేది. ఒకసారి ఒక ముసలావిడ తన భర్త మట్టిబొమ్మ ముందు కూర్చుని, ఉన్నట్టుండి “చెప్పాపెట్టకుండా ఎల్లిపోతారా?” అని ఆ మట్టిని తిట్టిపోసింది. మాస్టారు వెంటనే చెయ్యి తీసేసి, “ఇంక ముట్టుకోకండి” అని మాకు చెప్పారు.

నాకిప్పుడు ఆర్డర్లన్నీ ఫోన్లోనే వస్తాయి. ఫొటో పంపిస్తారు, చేసి పంపిస్తాను. మాస్టారి మొహం నాకు ఇంకొకళ్ళు చెప్పాలా అనే పొగరు కూడా ఉంది. సుభద్రమ్మగారికి ఒక్క ఫోను చెయ్యలేదు.

పదకొండింటికి తెర లాగారు. అందరూ చప్పట్లు కొట్టి వరసగా దండలు వేశారు. నేను మాట్లాడాను. మాస్టారు ఇంటివాళ్ళని అడగనిదే ఏ విగ్రహమూ పూర్తిచేసేవారు కాదని నా కాగితంలో ఒక పేరా రాసుకున్నాను. ముందు వరసలో కూర్చున్న సుభద్రమ్మగారిని చూసి ఆ పేరా దాటేశాను.

భోజనాల్లో పనసపొట్టు కూర ఎంతో బాగుందన్నారందరూ. నాకు రుచి తెలియలేదు. చెయ్యి కడుక్కుని అమ్మగారి దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాను.

“ఎలా ఉందమ్మా?”

“బాగుంది నాయనా. చాలా కష్టపడ్డావు” అన్నారు. ఆపైన, “కళ్ళజోడు అచ్చం ఆయనదే” అన్నారు.

మా పనిలో ఉన్నవాళ్ళకి ఈ మాటకి అర్థం వేరే చెప్పక్కర్లేదు. ఇంటివాళ్ళు కండువానో కళ్ళజోడునో మెచ్చుకున్నారంటే మొహం కుదరలేదన్నమాట. సిగ్గుతో నా తల పైకి లేవలేదు.

“మాస్టారిలా లేరు కదమ్మా?”

“ఎవరో పెద్దమనిషిలా ఉన్నారు. పర్లేదులే, రోజూ చూస్తుంటే అలవాటైపోద్ది. రేపు మనవలకి ఈయనే తాతయ్య.”

ఆవిడ దెప్పడానికి అనలేదు, నన్ను ఓదార్చడానికే అన్నారు. దానికన్నా చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

“ఇప్పుడే దింపి తీసుకెళ్ళిపోతానమ్మా.”

“వద్దొద్దు. ఊళ్ళో పెద్దలంతా వచ్చి దండలేసేరు. వాళ్ళకి చిన్నతనంగా ఉంటుంది.”

“అయితే మట్టి పట్టుకుని ఇక్కడికే వస్తాను. మీరు కూర్చుని చెప్తారా?”

ఆవిడ నెమ్మదిగా, “రా నాయనా. వేగిరం రా. ఈయన్ని చూసీ చూసీ నేనూ ఆయన్ని మర్చిపోకముందే” అన్నారు.

మూడింటికి కొత్తపేటలో ఆటో ఎక్కి, రావులపాలెంలో విజయవాడ బస్సు పట్టుకున్నాను. సీటు దొరికింది, ఎండా తగ్గింది, మామూలుగా అయితే సుఖమైన ప్రయాణమే. మాస్టారి దగ్గర నేర్చుకున్నది నా చేతుల్లో ఉందనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. చేతుల్లో ఉన్నది సగమే.

తణుకు దగ్గరకొచ్చేసరికి ఆవిష్కరణ ఫొటోలు ఫోనుకి వచ్చాయి. జీవకళ ఉట్టిపడుతోందని అందరూ రాశారు. ఒక ఫొటోలో అందరం కెమెరా వైపు చూసి నవ్వుతున్నాం. అమ్మగారు మాత్రం విగ్రహానికి ఎడంగా జరిగి, కొంగు భుజాల నిండా కప్పుకుని, పరాయి మగవాడి ముందు నిలబడ్డట్టు ఒదిగి నిలబడ్డారు.