ఒడ్డుని కట్టిన తీగ

నిన్న బీచ్ రోడ్డు గోడ కింద, బండరాళ్ళ సందులో ఒక ఊదారంగు పువ్వు కనిపించింది. మేకగిట్టల్లాంటి ఆకులున్న ఆ ఇసకతీగని చూడగానే డెబ్బైల నాటి ఒక క్రిస్మస్ గుర్తొచ్చింది.

పోర్టులో పనిచేసే మా నాన్న ఏటా క్రిస్మస్‌కి ఇంట్లో బాలయేసు బొమ్మని పడుకోబెట్టడానికి చిన్న పశువుల పాక కట్టేవారు. దానికి ఇసకా పచ్చదనమూ జాలరిపేట ఒడ్డు నుంచే తెచ్చేవారు. ఆ ఏడు నేనూ గోనెసంచి పట్టుకుని వెంట వెళ్ళాను. ఆయన తీగని లాగుతుంటే, వల ఆరబెడుతున్న ముసలమ్మ కేకేసింది.

"ఏటి బాబూ, ఆ తీగ పీకెత్తన్నారు? ఒడ్డుని పట్టుకున్నది అదే. పీకీసినారంటే ఒడ్డెలిపోద్ది!"

పక్కనే పడవలు తాళ్ళతో గుంజలకి కట్టి ఉన్నాయి. ఒడ్డుని కూడా అలాగే ఈ తీగతో కట్టారనుకున్నాను. విప్పేస్తే మా ఇల్లూ, చర్చీ, గంటతో సహా సముద్రంలోకి తేలిపోతాయని ఏడుపు లంకించుకున్నాను. నాన్న నవ్వలేదు. మోకాళ్ళమీద కూర్చుని, తీగని మళ్ళీ ఇసకలో పెట్టి చేత్తో అదిమారు.

ఆ క్రిస్మస్‌కి బాలయేసు వట్టి ఇసకమీదే పడుకున్నాడు.

"ఏటే, ఈసారి పచ్చగా నేదేటి?" అంది కేకు తినడానికొచ్చిన పక్కింటి అత్త.

"తీగ తీస్తే ఒడ్డెలిపోద్ది" అన్నాను. ఇల్లంతా నవ్వింది.

తర్వాత్తర్వాత ఆ తీగలన్నీ పీకి, ఇసక చదును చేసి, ఈ గోడ కట్టారు. నాన్న మోకాళ్ళమీద కూర్చున్న చోట ఇప్పుడు నడుం లోతు నీళ్ళు. ఆ రోజు నవ్వినవాళ్ళకి చూపిద్దామంటే ఒక్కరూ లేరు.