కత్తెరకు ఒక ఫ్రేము

టెంచా చెయ్యి వణుకుతోందని నాకు మొదటిరోజే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లకు ఇది రాయడం అందుకే.

అసలు పేరు ఒర్తెన్సియా ఉర్కిదేస్. బాయిల్ హైట్స్‌లో పుట్టి, పందొమ్మిదో ఏట హాలీవుడ్ దగ్గరి బర్బాంక్‌లో నెగటివ్ కోసే గదిలో పనికి చేరింది. కెమెరాలో తిరిగిన అసలు ఫిల్మును ఎడిటర్ తేల్చిన కొలత ప్రకారం కత్తిరించి అతికించడం ఆమె పని. నకలు పాడైతే ఇంకోటి తీసుకోవచ్చు. అసలు పాడైతే అంతే సంగతులు. నలభై నాలుగేళ్లలో ఆమె కోత ఒక్కటీ తప్పలేదు. ఆ మాట నేనెత్తితే మాత్రం ఊరుకునేది కాదు. "నోరు మూసుకో, దిష్టి తగుల్తుంది" అనేది.

నా పేరు ఫే. సహాయకురాలిగా ఆమె పక్కన ఇరవై ఆరేళ్లు కూర్చున్నాను. ఫిల్ము అంచున అచ్చయి ఉండే అంకెను నేను చదవాలి, ఆమె తిరిగి చదవాలి, మళ్లీ నేను చదవాలి. అప్పుడే కత్తెర. కత్తెర చేతిలో ఉన్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు, తలుపు తీయకూడదు. తుమ్మొస్తే ముక్కు పట్టుకోవాలి.

కంప్యూటర్లు వచ్చాక మా గది మూతపడింది. ఆమె మనవరాళ్లకు గౌన్లు కుట్టుకుంటూ, నేను పుస్తకాలు చదువుకుంటూ ఉండగా దర్శకుడు డెస్మండ్ క్రెయిల్ కబురు పెట్టాడు.

డెస్మండ్ సినిమా వచ్చిందంటే మా ఊళ్లో ఒకే ఇంట్లో రెండు పార్టీలు. మా ఆయనకు డెస్మండంటే ప్రాణం. మా చెల్లెలు ఆ పేరెత్తితే కంచం ముందునుంచి లేచిపోయేది. ఈసారి పాత హాలీవుడ్ మీద తీశాడు. పాత పద్ధతిలోనే, ఫిల్ము మీద తీసి, నెగటివ్‌ను చేత్తోనే కోయించాలని పట్టు. ఆ పని తెలిసినవాళ్లు ఇంకెందరు మిగిలారని?

"మహానుభావుడు పోయిన కాలాన్ని మోసుకొచ్చి మళ్లీ ఇంట్లో పెట్టుకుంటున్నాడు. కూలీలం మనం" అంది టెంచా. అంటూనే ఒప్పుకుంది.

తెల్లటి నూలు గ్లవుజులో ఆమె కుడి బొటనవేలు తనంతట తానే కొట్టుకోవడం ఆ మొదటిరోజే చూశాను. నేను చూశానని ఆమె కూడా చూసింది. "అంకె చదువమ్మాయ్" అంది, అంతే.

మణికట్టును బల్ల అంచుకు నొక్కిపెట్టి, ఊపిరి బిగబట్టి కోసేది. ఎవరైనా వస్తే కాఫీ కప్పు ముట్టుకునేది కాదు. అలా తొమ్మిది రీళ్లు గడిచాయి.

పదో రీలులో లాయల్ ప్రెంటిస్ షాటు ఉంది. ఎనభై తొమ్మిదేళ్ల నటుడు. స్టూడియో గేటు కాపలావాడి వేషం. ఆఖరి రోజు డ్యూటీ దిగి, టోపీ తీసి, గేటు వైపు తిరిగి చూస్తాడు. ఒక్క టేకే. రెండోసారికి నిలబడలేకపోయాడు. తొమ్మిది రోజులకు పోయాడు.

ఎడిటర్ తన కొలతల్లో ఆ షాటును రెండు ముక్కలు చేసి, మధ్యలో ఖాళీ వీధి షాటును పెట్టాడు. అంకెలు చదువుతూ నేను ఆగిపోయాను. మొదటి ముక్క ఆఖరి ఫ్రేమూ, రెండో ముక్క తొలి ఫ్రేమూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

అతుకు వేయాలంటే అంచున కొంత ఫిల్ము మిగలాలి. దాన్ని గీకి జిగురు రాస్తాం. అందుకని ఒకే షాటును రెండుగా కోస్తే మధ్యలో ఒక ఫ్రేము పోవాల్సిందే. మా కాలపు ఎడిటర్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ సినిమా ఎడిటర్ ఫిల్ము ముట్టి ఎరగడు. కంప్యూటరులో ఎక్కడ గీత గీస్తే అక్కడ తెగుతుంది మరి.

"మళ్లీ చదువు" అంది టెంచా. చదివాను. "ఇంకోసారి." చదివాను. ఆమె కత్తెర కిందపెట్టి చేతులు ఒళ్లో దాచుకుంది.

"మనమే ఒకటి తీసేద్దామా? సెకనులో ఇరవై నాలుగో వంతు. ఎవడికి తెలుస్తుంది?" అన్నాను.

"చచ్చిపోయినవాడి మొహంలోంచి, అడక్కుండానా? సిగ్గులేదూ?"

"అయితే డెస్మండ్‌కు ఫోన్ చేద్దాం."

"చేస్తే వస్తాడు. వస్తే ఇక్కడే నించుంటాడు." కత్తెరను పక్కకు జరిపి, "చెయ్యి జారితే ఆ ముసలాయన చూపు ఇక ఎక్కడా ఉండదు, ఫే" అంది. ఆమె గొంతులో భయం అంతవరకు నేనెప్పుడూ వినలేదు.

అయినా ఫోన్ చేసింది తనే.

డెస్మండ్ వచ్చి భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "ఈ షాటులో ఒక్క ఫ్రేము కూడా ఎవరికీ ఇవ్వనని చెప్పాను, మిసెస్ ఉర్కిదేస్."

"నాకు కాదు, కత్తెరకివ్వాలి. మొదటి ముక్కలోదా, రెండోదానిలోదా? మీరే చెప్పండి."

"మొదటిదాంట్లో తీయండి. రెండోదాని జోలికి పోకండి, చూపంతా అందులోనే ఉంది." కుర్చీ లాక్కున్నాడు. "నేనిక్కడే ఉంటాను."

టెంచా కత్తెర తీసుకుంది. దాని మొన, కింద దీపం వెలిగే బల్ల అద్దానికి తగిలి టకటకమని కొట్టుకుంది. ఆ చప్పుడుకు ఆయన తలెత్తాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"ఈస్టర్ నుంచి."

"తొమ్మిది రీళ్లు ఈ చేత్తోనే కోశారా?"

"కోశాను. తీసి చూసుకోండి. ఒక్కటి తప్పుంటే మొహమ్మీద చెప్పండి."

"పదోది?"

ఆమె కత్తెర నా ముందుకు తోసింది. "పదోది నా వల్ల కాదు. ఫే కోస్తుంది."

"ఈవిడ ఎప్పుడైనా అసలు నెగటివ్ కోశారా?"

"లేదు" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరిచి గది ఖాళీ చేయించిన కథలు చాలా విన్నాను. ఆయన లేచి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. దానికి నేను ఇంకా బెదిరిపోయాను.

టెంచా అంకె చదివింది. నేను చదివాను. ఆమె మళ్లీ చదివింది. పోవాల్సిన ఫ్రేము నడిమధ్యన కత్తెర పెట్టాను. కోశాను. మొదటి ముక్క అంచు గీకాను, జిగురు రాశాను, ఖాళీ వీధికి అతికించి నొక్కిపట్టాను. టెంచా లోగొంతుకతో పదిహేను లెక్కపెట్టింది. తర్వాత ఫిల్మును అంచులతో పట్టుకుని అతుకు దగ్గర వంచింది. వణుకుతున్న ఆ చేతుల్లోనూ అది ఊడలేదు.

"అయిందా?" అన్నాడు డెస్మండ్, గోడకేసి చూస్తూనే.

"సగమే. చూపున్న ముక్క ఇంకా ఉంది" అంది టెంచా. "మీరు మాట్లాడకండి."

ఆమె రెండో అంకె చదివింది.